బోల్టుల ఇళ్లు

“బొంగరం! బెంచీ ఊగుతోంది.”

టీచర్ బోర్డు మీద లెక్క రాస్తూనే ఈ మాట అన్నారు. వెనక్కి తిరిగి చూడలేదు. బెంచీ ఊగితే ఊపేది ఎవరో క్లాసంతటికీ తెలుసు.

బొంగరం కుడి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కిపట్టింది. కుడికాలు ఆగింది. ఎడమకాలు మొదలుపెట్టింది.

ఆ పిల్లకు అసలు పేరు ఒకటి ఉంది. హాజరు పిలిచేటప్పుడు తప్ప దాన్ని ఎవరూ వాడరు. నడక వచ్చినప్పటి నుంచీ ఒకచోట నిలవదు కాబట్టి నాయనమ్మ ‘బొంగరం’ అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పేరు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి స్కూల్లోకి తనే నడుచుకుంటూ వచ్చేసింది.

పక్కన కూర్చునే నేస్తం పేరు రేడియో. ఆ పేరెందుకు వచ్చిందో తెలియాలంటే పొద్దున జరిగింది చెప్తే చాలు. మొదటి గంట కొట్టకముందు బొంగరం దాని చెవిలో ఒక రహస్యం ఊదింది. “సోమవారం మా జీపులో స్కూలుకొస్తున్నా. మా నాయనమ్మే నడుపుతుంది. ఎవరికీ చెప్పకేం!”

రేడియో నోట్లో నువ్వుగింజ నానదు. భోజనాల గంటకల్లా క్లాసంతటికీ తెలిసిపోయింది. చివరికి గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా, “ఏమ్మా, సోమవారం గేటు రెండు రెక్కలూ తీసి ఉంచమంటావా?” అని అడిగాడు.

వెనక బెంచీ అబ్బాయి ముందుకు వంగాడు. “ఆ జీపేనా? టార్పాలిన్ కప్పుకుని పడుకుంటుంది, అదేనా? నేను ఒకటో క్లాసు నుంచీ చూస్తున్నా. అది నిద్ర లేవదు.”

“లేస్తుంది. చూస్తూ ఉండు.”

“బొంగరం,” అన్నారు టీచర్. “ఇప్పుడు బెంచీ మాట్లాడుతోంది కూడా.”

క్లాసు ఘొల్లుమంది. బొంగరం తల దించుకుంది గానీ, మనసు మాత్రం అప్పటికే స్కూలు గోడ దూకి ఇంటి షెడ్డులో ఉంది.

ఆ జీపు నాయనమ్మది. ఆమె పశువుల డాక్టరుగా పనిచేసింది. రోడ్డు లేని చోట్లకు కూడా జీపు వేసుకుని వెళ్లేది. ఆ జీపు వాగుల్లో దిగింది, బురదలో కూరుకుపోయి పైకి లేచింది. జబ్బు చేసిన దూడలు వెనక సీట్లో దర్జాగా ప్రయాణం చేసేవి. నాయనమ్మ ఉద్యోగం అయిపోయాక జీపు షెడ్డు చేరింది. దాని పైన తుప్పు, లోపల సాలీళ్లు కాపురం పెట్టాయి.

కిందటి సెలవుల్లో నాన్నకు ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. “దీన్ని మళ్లీ నడిపిద్దాం” అన్నాడు. నాన్న మెకానిక్ కాదు. ఆయనకు కళ్లజోళ్ల షాపు ఉంది. రోజంతా చీమ తలకాయంత మరలు బిగిస్తాడు. సెలవు రోజున పెద్ద పెద్ద మరలు బిగిస్తే ఆయనకు విశ్రాంతి. “అందరూ సెలవొస్తే స్క్రూడ్రైవర్ పక్కన పడేస్తారు. ఈయన ఇంకా పెద్దది పట్టుకుంటాడు” అని అమ్మ ఎగతాళి చేసేది.

అలా బ్రేకులు బాగయ్యాయి. సీట్లు కుట్టించారు. ఇంజిన్ దగ్గి దగ్గి చివరికి గొంతు సవరించుకుంది. మిగిలింది గేర్‌బాక్స్. అది కూడా లోపలంతా శుభ్రమైంది. ఇక మూత బిగించడమే తరువాయి.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. నాయనమ్మ ఎడమ మోకాలికి ఆపరేషన్ చేయాలన్నారు. వచ్చే వారమే రమ్మన్నారు. “ఆ తర్వాత ఆ కాలితో క్లచ్ తొక్కే పని మర్చిపోండి” అని డాక్టరు చెప్పాడు.

ఆ రోజు ఇంటికొచ్చి నాయనమ్మ నాన్నను పిలిచింది. “ఒరేయ్, ఆ లోపు ఒక్కసారి నడపాలిరా. వీధి చివరిదాకా అయినా సరే” అంది. తర్వాత అటక మీంచి తన పాత రబ్బరు బూట్లు దింపించుకుంది. వాటిని తడిగుడ్డతో తుడిచి షెడ్డు గుమ్మం పక్కన జతగా పెట్టింది.

అప్పటి నుంచీ బొంగరానికి ఆ బూట్లు కనపడినప్పుడల్లా తొందర పుడుతోంది.

ఇంటి గంట కొట్టగానే బొంగరం పరుగున ఇంటికొచ్చింది. సంచి వసారాలో విసిరేసి షెడ్డులోకి దూరింది.

బల్ల మీద నాన్న ‘అట్ట’ ఉంది. అది మామూలు అట్టపెట్టె, బోర్లించి పెట్టింది. దాని మీద నాన్న గేర్‌బాక్స్ మూత బొమ్మ గీశాడు. మూతకు ఎక్కడెక్కడ చిల్లులున్నాయో అట్టకూ అక్కడక్కడే చిల్లులు పొడిచాడు. మూతలో ఏ చిల్లులోంచి బోల్టు తీస్తే, అట్టలో ఆ చిల్లులోనే దాన్ని దించాడు. బోల్టుల తలలు పైన కనపడతాయి. కాళ్లు పెట్టె లోపలికి వేలాడుతుంటాయి.

షాపులో కళ్లజోడు విప్పినా నాన్న ఇలాగే చేస్తాడు. కుడి మర కుడి గిన్నెలో, ఎడమ మర ఎడమ గిన్నెలో. “ప్రతి బోల్టుకూ ఒక ఇల్లుంటుంది” అంటాడు. ఏదైనా బిగించడానికి కూర్చునే ముందు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతాడు. “అందరూ ఎవరింట్లో వాళ్లున్నారా?” అదీ ఆయన పద్ధతి.

ఈ బోల్టులు తోమే పని బొంగరానిది. ఎలా తోమాలో నాన్న నిన్ననే చెప్పాడు. “ఒకటి తీయాలి. కిరోసిన్‌లో తోమాలి. తుడవాలి. దాని ఇంట్లో దాన్ని పెట్టాలి. అప్పుడే రెండోది తీయాలి. సరేనా?”

“సరే సరే” అని బొంగరం అప్పుడే గంతులేసింది.

ఇప్పుడు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, పాత టూత్‌బ్రష్ తీసుకుని, షెడ్డు బయట స్టూలు మీద కూర్చుంది. మొదటి బోల్టు తీసింది. తోమింది. తుడిచింది. లోపలికి వెళ్లి దాని చిల్లులో పెట్టింది. రెండోది తీసింది. తోమింది. తుడిచింది. పెట్టింది. మూడోది సగం తోమేసరికే కాలు ఊగడం మొదలైంది.

ఇలా ఒక్కోటీ చేస్తే ఎప్పటికయ్యేను? నాన్న రేపు షాపుకు వెళ్లకుండా ఇంట్లోనే ఉంటానన్నాడు. ఈ సాయంత్రమే ఇవి సిద్ధమైపోతే, రేపు పొద్దున్నే మూత బిగించొచ్చు. ఆదివారం నాయనమ్మ నడుపుతుంది. సోమవారం స్కూలు గేటు!

బొంగరం అట్టలోని బోల్టులన్నీ రెండు చేతులతో పీకి కిరోసిన్ మగ్గులో పోసింది. తోమినవి కూడా వాటితో పాటే జారిపోయాయి. పోతే పోనీ, ఇంకా మెరుస్తాయి.

మగ్గు పట్టుకుని గిలక్కొట్టింది. బ్రష్షు ఆడించింది. ఎంతసేపు? రేడియో ఒక వార్త ప్రసారం చేసినంతసేపు. బోల్టులన్నీ కొత్తవాటిలా తళతళలాడాయి. వాటిని గుడ్డ మీద పోసి తుడిచి అట్ట దగ్గరికి తెచ్చింది.

అక్కడ ఆగిపోయింది.

తలలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. కాళ్లు మాత్రం వేరు. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి, కొన్ని రెండిటికీ మధ్యవి. ఏది ఎక్కడిది?

బొంగరం కాసేపు తల గోక్కుంది. తర్వాత తోచినట్టు ఒక్కొక్కటే చిల్లుల్లో దించేసింది. అన్నీ పట్టాయి. పైనుంచి చూస్తే వరసగా తలలే కనపడుతున్నాయి. అంతకు ముందు కూడా ఇలాగే ఉండేది కదా? ఇలాగే ఉంది. ఏం కాదు.

సాయంత్రం నాన్న షాపు నుంచి రాగానే షెడ్డులోకి తొంగిచూశాడు. కళ్లు పెద్దవి చేశాడు. “అబ్బో! ఇవి మన బోల్టులేనా? అప్పుడే అయిపోయాయా?”

“ఆఁ” అంది బొంగరం.

“నేను చెప్పినట్టే చేశావుగా? అందరూ ఎవరింట్లో వాళ్లున్నారా?”

బొంగరం ఆ మాట అనడానికి ఆలోచించలేదు. నోరు దానంతట అదే అనేసింది.

“ఆఁ, ఉన్నారు.”

నాన్న ఆమె తల నిమిరాడు. ఎప్పుడూ హాయిగా ఉండే ఆ చెయ్యి ఈసారి బరువుగా అనిపించింది. రాత్రి భోజనంలో సగం వదిలేసింది.

శనివారం పొద్దున నాన్న జీపులో రెండు సీట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. గేర్‌బాక్స్ అక్కడే, నేల రేకు కింద ఉంటుంది. మూత దాని మీద పెట్టాడు. మూత మధ్యలోంచి గేరు రాడ్డు నిటారుగా లేచి ఉంది. నాయనమ్మ షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని, చేతికర్ర మీద గడ్డం ఆనించి చూస్తోంది. పక్కనే ఆమె బూట్లు ఉన్నాయి.

“బొంగరం, అట్ట అందుకో.”

బొంగరం అట్టను రెండు చేతులతో పట్టుకుంది. నాన్న ఒక్కో బోల్టూ తీసి మూత చిల్లులో పెట్టి వేళ్లతో తిప్పుతున్నాడు. బోల్టుల కాళ్ల పొడుగు చూడటం లేదు. ఎందుకు చూస్తాడు? అట్ట ఉంది. అట్టను సర్దింది బొంగరమే.

‘చెప్పేద్దామా?’ అనుకుంది. నాయనమ్మ కేసి చూసింది. ఆమె ఎడమ పాదం గాల్లో లేని క్లచ్‌ను తొక్కుతోంది, వదులుతోంది. బొంగరం అట్టను ఇంకాస్త ముందుకు చాపింది. ‘అన్నీ పట్టాయిగా. పడితే చాలు.’

నాన్న స్పానర్ తీసుకున్నాడు. ఒకటి బిగించాడు. రెండోది బిగించాడు. తర్వాతిది కొంత దిగి మొండికేసింది.

“తల ఇంకా పైకే ఉందేంటి? లోపల తుప్పేమైనా మిగిలిందేమో” అంటూ ఇంకాస్త బలంగా లాగాడు.

టప్పుమని చప్పుడైంది.

చిన్న చప్పుడే. కానీ షెడ్డులో ఎవరూ కదల్లేదు. నాన్న టార్చి వేసి చూశాడు. గేర్‌బాక్స్ పెట్టె అల్యూమినియంది. బోల్టు దిగిన చోటి నుంచి పక్కకు వెంట్రుకలాంటి పగులు పాకింది.

“పగిలింది” అన్నాడు నాన్న. స్పానర్ పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

బొంగరం అట్టను గుండెకు హత్తుకుంది.

“అతికించొచ్చా?” అని నాయనమ్మ అడిగింది.

“వెల్డింగు షాపుకు తీసుకెళ్లాలి. గేర్‌బాక్స్ మొత్తం కిందికి దించాలి. అది వచ్చాక మళ్లీ ఎక్కించాలి.” నాన్న స్పానర్ కింద పెట్టాడు. “నీ ఆపరేషన్ లోపు అవదమ్మా. నా చెయ్యే. నేనే ఎక్కువ లాగాను.”

“పోనీలేరా. కావాలని చేశావా ఏంటి” అంది నాయనమ్మ. కర్ర సాయంతో లేచింది. పోతూ పోతూ బూట్లను కర్రతో గోడ వైపు జరిపింది, ఎవరి కాళ్లకూ అడ్డం రాకుండా.

ఆ తర్వాత బొంగరం కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. వంటింట్లోకి వెళ్లింది, వచ్చింది. మెట్లెక్కింది, దిగింది. పుస్తకం తెరిచింది, మూసింది. అమ్మ విసుక్కుంది. “ఏమైందే నీకు? ఒక్క క్షణం కూర్చో!”

కూర్చుంటే ఆ టప్పు చప్పుడే వినపడుతోంది. ఎవరూ తనను ఏమీ అనలేదు. అదే మరీ కష్టంగా ఉంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న తన కుడిచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. “బలం ఎంత వాడాలో కూడా ఈ చేతికి తెలియకుండా పోయింది. రేపు ఎవరి కళ్లజోడైనా ఇలాగే విరగ్గొడతానేమో” అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కంచం పక్కకు జరిపి లేచిపోయాడు.

బొంగరం ఇంక ఉండలేకపోయింది. షెడ్డు వైపు పరుగెత్తింది. నాన్న జీపు మీదికి టార్పాలిన్ లాగుతున్నాడు. బొంగరం దాని రెండో కొస పట్టుకుని వెనక్కి లాగింది.

“వదులు, బొంగరం.”

“నాన్నా, నీ చెయ్యి కాదు.”

“ఏంటి?”

“నీ చెయ్యి కాదు. నేను. నేను బోల్టులన్నీ ఒకేసారి మగ్గులో పోసేశాను. తర్వాత ఏది ఎక్కడిదో తెలీలేదు. తోచినట్టు పెట్టేశాను.”

టార్పాలిన్ నాన్న చేతిలోంచి జారింది. “నిన్న అడిగాను కదా?”

“అడిగావు.”

“ఉన్నారన్నావు కదా?”

“అన్నాను.”

“పొద్దున అట్ట పట్టుకుని నా పక్కనే నిలబడ్డావు. అప్పుడైనా చెప్పొచ్చు కదా!”

నాన్న ఎప్పుడూ గట్టిగా అరవడు. ఇప్పుడు అరిచాడు. ఆ అరుపుకు ఆయనే ఉలిక్కిపడ్డట్టు ఆగిపోయాడు. “కాసేపు నన్ను వదిలెయ్” అని బయటికి వెళ్లిపోయాడు.

బొంగరం ఏడ్చింది. ముక్కు కారేటట్టు, వెక్కిళ్లు వచ్చేటట్టు ఏడ్చింది. తుడుచుకుని చూసేసరికి ఎదురుగా నాయనమ్మ కర్ర కనపడింది.

“విన్నాను” అంది నాయనమ్మ. “నాకూ కోపంగానే ఉంది, పిల్లా. లేదని అబద్ధం చెప్పను.”

“నువ్వు ఇంక నడపలేవు. నా వల్లే.”

“అవును, నీ వల్లే.” నాయనమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుంది. “సరే గానీ, ఒక సంగతి ఆలోచించు. నువ్వు చెప్పకపోతే ఏమయ్యేది? మీ నాన్న ఆ పెట్టె అతికించి తెచ్చేవాడు. మళ్లీ ఈ అట్ట ముందు పెట్టుకునేవాడు. మళ్లీ అదే బోల్టు, అదే చిల్లు.”

బొంగరం వెక్కిళ్లు ఆగిపోయాయి. ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు.

“మళ్లీ టప్పుమనేదా?”

“ఈసారి అతుకు పడ్డచోట! అప్పుడు జీపును తూకానికి వేసుకోవడమే. వెళ్లి మీ అమ్మ అల్లిక సూది పట్రా, సన్నది.”

సూది తెచ్చాక నాయనమ్మ చెప్పింది. “బోల్టులన్నీ విప్పెయ్, మూత మాత్రం అలాగే ఉండనీ. ఒక చిల్లులో సూది దించు. అడుగు తగిలిందా? పైన ఎక్కడిదాకా వచ్చిందో గోటితో పట్టుకో. ఇప్పుడు దానికంటే కాస్త పొట్టిగా ఉన్న బోల్టు వెతుకు. మరీ పొట్టిది కాదు, కాస్త పొట్టిది. అదే ఆ ఇంటి మనిషి.”

చెప్పినంత తేలిక కాదు. గోరు జారితే మళ్లీ మొదటికి రావాలి. సూది చిల్లు గోడకు ఆనుకుంటే అడుగు తగిలినట్టు అనిపిస్తుంది, తగలదు. రెండు చిల్లులు చూసేసరికి బొంగరం కాలు ఊగింది. నాలుగో దానికి లేచి షెడ్డు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చింది.

“తిరుగు, తిరుగు. తిరిగొచ్చి మళ్లీ కూర్చో” అంది నాయనమ్మ. “నేనేమన్నా కదలొద్దన్నానా?”

అది బాగా పనికొచ్చింది. ఒక బోల్టు, ఒక చుట్టు. ఒక బోల్టు, ఒక చుట్టు. టప్పుమన్న చోట సూది దించి చూస్తే, అక్కడ ఉండాల్సింది అన్నిటికంటే పొట్టిది. బొంగరం పెట్టింది అన్నిటికంటే పొడుగుది. దాన్ని అరచేతిలో పెట్టుకుని బొంగరం చాలాసేపు చూసింది.

ఎండ వాలే వేళకు గుమ్మంలో నీడ పడింది. నాన్న. షాపులో వాడే భూతద్దం తెచ్చి బొంగరం పక్కన పెట్టాడు. తర్వాత టార్చి తీసుకుని ఆమె చూస్తున్న చిల్లు మీద వెలుగు పడేలా పట్టుకున్నాడు. చెయ్యి కొంచెం కూడా వణకలేదు.

సోమవారం బొంగరం నడిచే స్కూలుకు వెళ్లింది. గేటు నిజంగానే రెండు రెక్కలూ తీసి ఉంది. దాని మధ్యలోంచి ఒక్కతే లోపలికి పోతుంటే తల కొట్టేసినట్టయింది.

“జీపేదే?” అంది రేడియో.

“రాలేదు. గేర్‌బాక్స్ పగిలింది. నేను బోల్టులు కలిపేశాను, పైగా కలపలేదని చెప్పాను.”

రేడియో నోరు తెరిచింది. “ఇది కూడా ఎవరికీ చెప్పకూడదా?”

“చెప్పుకో.”

చెప్పింది. భోజనాల గంటకు క్లాసంతా చెప్పుకుంది. వెనక బెంచీ అబ్బాయి జీపు గురకపెట్టినట్టు శబ్దం చేశాడు. బొంగరానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా శనివారం మధ్యాహ్నం కంటే ఇదే నయం అనిపించింది.

ఆపరేషన్ రోజు రానే వచ్చింది. గేర్‌బాక్స్ ఇంకా వెల్డింగు షాపులోనే ఉంది. నాయనమ్మ ట్యాక్సీలో ఆసుపత్రికి వెళ్లింది. ఎక్కేముందు ఒక్కసారి షెడ్డు వైపు చూసింది. ఆ చూపు బొంగరం మర్చిపోలేదు.

నాయనమ్మ ఇంటికి తిరిగొచ్చి, కర్రల సాయంతో వసారా దాకా నడవడం మొదలుపెట్టాక, ఒక ఆదివారం పొద్దున జీపు షెడ్డు బయటికొచ్చింది. నాన్నా అమ్మా తోసుకొచ్చారు. గేర్‌బాక్స్ మళ్లీ ఎక్కింది. ఈసారి మూత బోల్టులన్నిటినీ బొంగరమే వేళ్లతో తిప్పింది, నాన్న స్పానర్‌తో బిగించాడు. నేల రేకు ఇంకా వేయలేదు.

ఆ కబురు వీధికి ఎలా తెలిసిందో అడగక్కర్లేదు. ఇంటి గేటు బయట రేడియో ఉంది. దాని వెనక సగం క్లాసు ఉంది. వెనక బెంచీ అబ్బాయి అందరికంటే ముందు నిలబడ్డాడు.

నాయనమ్మ పక్క సీట్లో కూర్చుంది. ఎడమకాలు పట్టీతో ముందుకు చాపి ఉంది. కుడికాలికి బూటు తొడుక్కుంది. “రెండో దానికి సెలవు” అని నవ్వింది.

నాన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళంచెవి పెట్టాడు. తిప్పబోయి ఆగి, బొంగరం వైపు చూశాడు.

“అందరూ ఎవరింట్లో వాళ్లున్నారా?”

“ఉన్నారంకుల్, తిప్పండి!” అని గేటు దగ్గరి నుంచి కేకలు. “ఇంకెంతసేపే, బొంగరం!”

బొంగరం కాళ్లు నేల మీద నిలవడం లేదు. ‘ఆఁ’ అనే మాట నాలిక చివర సిద్ధంగా ఉంది. దాన్ని మింగేసింది.

“ఒక్క నిమిషం, నాన్నా. చూసి చెప్తా.”

టార్చి తీసుకుని సీట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి బోల్టు తల మీద వేలు పెట్టింది. మూతకు ఆనుకుని ఉంది. రెండోది. మూడోది. బయట ఎవరో ఈల వేశారు. బొంగరం తల ఎత్తలేదు. అతుకు పడ్డచోట, అన్నిటికంటే పొట్టి బోల్టు దగ్గర, వేలు రెండుసార్లు తిప్పింది. చివరిదాకా వెళ్లింది. ఆ తర్వాత దిగి షెడ్డులోకి వెళ్లి అట్టపెట్టె ఎత్తి చూసింది. కింద ఏమీ మిగల్లేదు.

తిరిగొచ్చి జీపు పక్కన నిలబడింది.

“అందరూ ఉన్నారు, నాన్నా. చూశాను.”

నాన్న తల ఊపి తాళం తిప్పాడు. ఇంజిన్ దగ్గింది, మళ్లీ దగ్గింది, అందుకుంది. బానెట్ గజగజ వణికింది. పిల్లలు కేరింతలు కొట్టారు. బొంగరం ఒక్క గెంతులో వెనక సీటెక్కింది, ఒకప్పుడు దూడలు కూర్చున్న చోట.

నాన్న గేరు రాడ్డు మీద చెయ్యి వేయబోయాడు. నాయనమ్మ ఆ చేతి మీద చిన్నగా ఒకటి వేసింది.

“క్లచ్ నువ్వు తొక్కు. గేరు నాది.”

నాన్న నవ్వి చెయ్యి తీసేశాడు. క్లచ్ తొక్కాడు. నాయనమ్మ అరచెయ్యి గేరు రాడ్డు తల మీద కుదురుకుంది. ఆ రాడ్డు కింద మూత ఉంది, మూత చుట్టూ బొంగరం బోల్టులున్నాయి. బొంగరం ఊపిరి బిగబట్టి ఆ చేతినే చూస్తోంది. రెండు కాళ్లూ కదలకుండా ఉన్నాయి.

గేరు మెత్తగా పడింది.